అంగడి రోజు చాయ్ ఖర్చు

2024, జూన్ 2

విత్తనాల దుకాణం వాళ్ళు జనవరిలో ఇచ్చిన డైరీ ఇది. ఐదు నెలలుగా దీని మీద వేడి గిన్నెలు దించుతున్నాను. ఈ రోజు మసి తుడిచి మొదటి పేజీలో నా పేరు రాసుకున్నాను. నాగరాణి, ఇంటర్మీడియట్ ఫస్టు క్లాసు, తిరుమలగిరి.

ఈ రోజు అత్త సైదమ్మ ముందు, మా ఆయన సైదులు ముందు ఒక మాట అన్నాను. రేపు పొద్దున నేనే మెత్తబడకుండా ఉండాలని ఇక్కడ రాసి పెడుతున్నాను.

విషయం మా బిడ్డ నిహారిక ఫీజు. నల్లగొండలో నర్సింగు రెండో ఏడు. ఆగస్టు పదో తారీఖు లోపల కాలేజీకి, హాస్టలుకు కలిపి ముప్పై రెండు వేలు కట్టాలి. కట్టకపోతే పిల్ల సంచి సర్దుకుని ఇంటికి రావాల్సిందే. పోయిన సంవత్సరం అత్త మందలోంచి నాలుగు గొర్రెలు అమ్మి కట్టాం. పన్నెండుకు ఎనిమిది మిగిలాయి. ఎనిమిదీ ఇప్పుడు చూడితో ఉన్నాయి. ఏటా నాలుగు పోతే నిహారిక చదువు పూర్తయ్యేసరికి అత్త చేతిలో కర్ర మాత్రమే ఉంటుంది. పోయినసారి ఆ నాలుగింటినీ బండి ఎక్కించిన రోజు ఆమె రెండు పూటలు అన్నం ముట్టలేదు. పల్లెలో ఒంటరిగా ఉంటుంది, పొద్దంతా ఆమె మాట్లాడేది వాటితోనే.

ఈ రోజు ఆమే అంది. "ఇంకో నాలుగు అమ్ముర్రి తియ్యి. పిల్ల సదువు కంటె ఎక్కువనా?" అంటూనే కొంగుతో ముక్కు తుడుచుకుంది.

నాకు ఆగలేదు. "ఒక్క గొర్రెను గూడ అమ్మేది లేదత్తా. ఇంటి ఖర్సులకెల్లి మిగిల్చి కడ్త, సూడు," అన్నాను.

"ఎట్ల కడ్తవే?" అన్నాడు మా ఆయన.

"నేను జూస్కుంట. నువ్వు తెచ్చింది తెచ్చినట్టు నా చేతిల వెట్టు."

పెద్ద మాటే అన్నాను. కానీ బాగుంది.

జూన్ 3

పొద్దుటి నుంచి ఇల్లంతా తిరిగి పైసలు ఎక్కడ కారిపోతున్నాయో కనిపెట్టాను. పాలు అర లీటరు నుంచి పావు లీటరుకు దించాను. షాంపూ ప్యాకెట్లు బంద్, కుంకుడుకాయలు నానబెట్టాను. ఆదివారం కోడికూర బదులు కోడిగుడ్లు. కొత్తిమీర కొనను, పగిలిన బకెట్టులో ధనియాలు చల్లాను. టీవీ రీఛార్జి అయిపోయింది, మళ్ళీ వేయించను. సీరియల్లో ఆ కోడలు జైలు నుంచి వచ్చిందో లేదో ఇక నాకు అక్కరలేదు. (వచ్చే ఉంటుంది.)

అసలు చిల్లు మధ్యాహ్నం దొరికింది. మా ఆయన గొర్రెల అంగడిలో బేరగాడు. మోకాలు దెబ్బతిని మంద వెంట నడవలేక ఆ పనిలో దిగాడు. అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య నిలబడి ధర కుదిరిస్తే ఇద్దరూ ఎంతో కొంత ఇస్తారు. అంగడి వారానికి ఒకసారి. ఆ ఒక్క రోజు గుర్వమ్మ హోటల్లో ఈ మహారాజు చాయ్‌లకు పెట్టే ఖర్చు మూడు వందలట! తాగేది రెండు చాయ్‌లు, పోసేది ఊరందరికీ. గుచ్చి గుచ్చి అడిగితే బయటపడింది.

"గది గట్ల గాదే. అంగడి పద్ధతి…" అని మొదలుపెట్టాడు.

"ఏ పద్ధతైనా మన ఇంట్ల నడవదు. వచ్చే అంగడి సంది ఫ్లాస్కుల చాయ్ ఇస్త. గదే తాగు, గదే పొయ్యి."

నెత్తి గోక్కుని ఊరుకున్నాడు. మా ఆయనలో నాకు నచ్చేది అదే, చెప్తే వింటాడు.

జూన్ 6

అంగడి. అల్లం దంచి వేసి పది గ్లాసుల చాయ్ కాచి ఫ్లాస్కు నింపి పంపాను. సగం తిరిగి వచ్చింది.

"అందరికి పోసినవా?"

"పోసిన."

"ఎట్లుందన్నరు?"

"మంచిగుందన్నరు."

తొమ్మిది వందలు తెచ్చాడు. చాయ్ ఖర్చు సున్నా. పెళ్ళయిన ఇరవై ఏళ్ళకు ఈ ఇంటికి లెక్క అంటే ఏమిటో తెలిసింది.

జూన్ 9

కుంకుడు నురుగు కంట్లో పడింది. అయినా షాంపూ కంటే మంచిదే.

జూన్ 13

బక్రీదు ముందటి అంగడి. నాలుగు వందలు తెచ్చాడు. పోయిన సంవత్సరం ఇదే అంగడిలో ఐదు వేలు తెచ్చినట్టు గుర్తు. ఈసారి ధరలు మండిపోతున్నాయి, కొనేవాళ్ళు చూసి పోతున్నారు. ఆయన ఆ మాట అనలేదు, నేనే అనుకున్నాను. చాయ్ ఖర్చు సున్నా.

జూన్ 19

మా వీధి చివర లింగస్వామి ఇల్లు. అతనూ గొర్రెల బేరగాడే. ఈ రోజు వాళ్ళింటి ముందు ఆటో ఆగింది, కొత్త ఫ్రిజ్ దిగింది. అతని భార్య అరుణమ్మ పసుపు రాసి బొట్లు పెడుతోంది. నేను చూసి చూడనట్టు పోతుంటే పిలిచింది.

"మొన్న అంగడి నాడు మావోడు చాయ్‌లకే ఐదు వందలు పెట్టిండే," అంది.

"మా ఇంట్ల గా ఖర్సు బంద్ జేసినమక్కా," అన్నాను మెల్లగా, ఆమెకు తగలాలనే. పాల సంగతి, టీవీ సంగతి కూడా చెప్పాను. ఏదో చెప్పబోయి ఆగిపోయింది. నా వైపు అదోలా చూసింది. కుళ్ళు. ఫ్రిజ్ కొన్న ఇంట్లో అందులో పెట్టడానికి ఏం మిగులుతుందో బోనాలయ్యాక చూద్దాం.

జూన్ 27

అంగడి. వాన పడింది. రెండు వందలు.

జూలై 4

అంగడి. వాన లేదు. ఎండకు జనం రాలేదేమో. ఏమీ తేలేదు.

అయినా బాధ లేదు. నడుమ రోజుల్లో ఊళ్ళు తిరిగి బేరాలు చేస్తున్నాడు, రోజూ సాయంత్రం ఐదు వందలు చేతిలో పెడుతున్నాడు. హోటల్లో కూర్చునే అలవాటు పోయేసరికి మనిషికి పని మీద బుద్ధి పుట్టింది. ఇదంతా నా చలవే. చలవ నాదే అని ఇంకెవరూ అనరు కాబట్టి నేనే రాసుకుంటున్నాను. కుడి భుజం కమిలిపోయింది. ఎట్లా అంటే పొట్టేలును ఎత్తి చూపించానన్నాడు. ఆముదం వేడి చేసి రాశాను.

జూలై 11

డబ్బాలో పన్నెండు వేలు దాటింది. డబ్బా అటుకుల సంచి వెనక ఉంది. రోజుకు రెండుసార్లు మూత తీసి చూస్తున్నాను, తీయకుండా ఉండలేకపోతున్నాను.

నిహారిక ఫోన్ చేసింది. "అమ్మా, బాపు గొంతు ఎందుకట్ల గుంజుకపోయినట్టుంది? తింటుండా?"

"మీ బాపుకేమైంది? మంచిగున్నడు. నువ్వు సదువుకో, ఫీజు ఫికర్ వెట్టుకోకు," అన్నాను.

భుజం ఇంకా తగ్గలేదు. ఇప్పుడు ఎడమది కూడా.

జూలై 18

ఆషాఢం. బోనాల రోజులు, ఇంటింటికీ కోయడానికి ఒక యాట కావాలి. అంగడికి వెళ్ళే బండ్లతో రోడ్డు నిండిపోయింది. వాన లేదు, ఎండ లేదు, చల్లగా మబ్బు పట్టి ఉంది. మా ఆయన ఉత్త చేతులతో వచ్చాడు.

నా దగ్గర ఇక కారణాలు లేవు.

తాగుతున్నాడా? అంగడి పైసలు కల్లు దుకాణంలో పోసి, వాసన రాకుండా వచ్చి నన్ను ఆడిస్తున్నాడా? అడిగితే చెప్పడు. వచ్చే అంగడికి నేనే వెళ్ళి పట్టుకుంటాను. పావు లీటరు పాలతో నేను నెల లాక్కొస్తుంటే ఎవరైనా నా కళ్ళు గప్పుతారా?

జూలై 25

ఈ రోజు జరిగింది రాయాలని లేదు. అయినా మొత్తం రాస్తాను. ఇన్నాళ్ళూ రాసిందంతా ఉండి, ఇది లేకపోతే ఈ డైరీ నన్ను చూసి నవ్వుతుంది.

తల నిండా కొంగు కప్పుకుని అంగడికి వెళ్ళాను. కల్లు దుకాణం ముందు చూశాను, లేడు. లోపలికి వెళ్ళాను. గొర్రెల అరుపులు, దుమ్ము, ఎక్కడ చూసినా జనం. ఒక్కో బేరం చుట్టూ పదిమంది. మా ఆయన ఎక్కడా లేడు. చివరికి ట్రాలీ ఆటోలు ఆపే మూల కనిపించాడు. భుజానికి నేను కొన్న ఫ్లాస్కు, మెడలో తువ్వాల. ఒక్కడే నిలబడి ఉన్నాడు. ఏటా ఈయన దగ్గరే బేరం చేసే పల్లె ముసలాయన పొట్టేళ్ళను తోలుకుంటూ ఎదురొచ్చాడు. "ఏం సైదులు, మంచిదేనా?" అన్నాడు. ఈయన "మంచిదే పెద్దయ్యా" అన్నాడు. ముసలాయన తల వంచుకుని లింగస్వామి దగ్గరికి పోయాడు.

మా ఆయన వెంటనే ఫ్లాస్కు పట్టీ సరిచేసుకున్నాడు. సరిచేసుకోవడానికి అందులో ఏమీ లేదు.

నాకు ఒళ్ళు మండింది. నేరుగా గుర్వమ్మ హోటల్‌కు వెళ్ళాను. గుర్వమ్మ అరవై ఏళ్ళ మనిషి, అంగడి మొత్తం ఆమె పొయ్యి ముందు నుంచే నడుస్తుంది.

"ఏందక్కా ఇది? మావోనికాడికి ఒక్కలు వోతలేరు. ఏం తప్పు జేసిండు?"

"మంచిగడిగినవు బిడ్డా. చాయ్ పోయనోని చేతిల చెయ్యి ఎవరు వెడ్తరు?"

"పోస్తుండు గద. నేను ఫ్లాస్కుల పంపుతున్న."

ఆమె గరిటె పక్కన పెట్టింది. అంగడిలో తువ్వాల కింద వేళ్ళు పట్టుకుని ధర మాట్లాడుకుంటారని నాకు తెలుసు. ఆ తర్వాత సంగతి తెలియదు. ధర కుదిరాక బేరగాడు ఇద్దరినీ ఈ బల్ల మీద కూర్చోబెడతాడట. "ఇద్దరికి చాయ్, పైసలు నాయి" అని పదిమందికీ వినబడేలా అరుస్తాడట. ఆ చాయ్ తాగాక కొన్నవాడూ అమ్మినవాడూ మాట తప్పకూడదు. గొర్రెకు రోగం ఉందని తేలితే జవాబు చెప్పాల్సింది చాయ్ పోసినవాడే.

"గా చాయే వాని జమానతు," అంది గుర్వమ్మ. "ఫ్లాస్కు చాయ్ మూలకు నిలవడి తాగితె ఎవరు సాక్ష్యం? మొదటి అంగడి నాడు పోసిండు పాపం. ఎదురుంగ తాగిర్రు, ఎనుకకు వోయి నవ్విర్రు."

"మరి నాతోనెందుకు చెప్పలే?"

"నేనన్న. ఇంట్ల చెప్పురా అన్న. 'అది సంబురపడుతుందక్కా. జిందగీల మొదటిసారి గంత సంబురంగ ఉన్నది, నేనెందుకు చెడగొట్టాలె' అన్నడు. నడిమిట్ల రోజులు లారీల కాడ ఎరువుల బస్తాలు మోస్తుండు. గది గూడ నీకు ఎరుక లేదా?"

నాకు ఎరుక లేదు. రెండు భుజాలకూ ఆముదం రాశాను, అయినా ఎరుక లేదు.

సిగ్గుతో చచ్చిపోయాను. ఈ అంగడిలో నా అంత తెలివిగలది లేదనుకున్నాను. మోకాలు బాగాలేని మనిషి చేత బస్తాలు మోయించి, వచ్చిన పైసలు డబ్బాలో వేసి, మూత తీసి చూసుకుని మురిసిపోయాను. చాయ్ తాగుతూ కూర్చునే పని అనుకున్నాను ఇన్నేళ్ళూ. ఎవరి గొర్రెకు ఏం జరిగినా తన మీద వేసుకునే పని అని ఒక్కసారీ అడిగి తెలుసుకోలేదు.

లేచి మా ఆయన దగ్గరికి వెళ్ళాను. నన్ను చూసి గాభరాపడ్డాడు. భుజం మీది ఫ్లాస్కు తీసేశాను. నెల సరుకుల కోసం రవికెలో పెట్టుకున్న ఆరు వందలు ఆయన జేబులో కుక్కాను.

"పో. పోయి చాయ్ పొయ్యి."

"గివి నెల ఖర్సుల పైసలు గదనే?"

"గిదే నెల ఖర్సు. పో."

జేబు ఒకసారి తడిమి చూసుకున్నాడు. తర్వాత తువ్వాల దులిపి భుజాన వేసుకుని గుంపులోకి పోయాడు. నేను గుర్వమ్మ పొయ్యి పక్కన నిలబడి చూస్తున్నాను. గంట గడిచింది. ఎవరూ చేతికి చెయ్యి ఇవ్వలేదు. నా కాళ్ళు గుంజుతున్నాయి, వెళ్ళలేకపోతున్నాను. అప్పుడు ఇద్దరిని వెంటబెట్టుకుని బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఓ గుర్వమ్మక్కా! నాలుగు చాయ్. పైసలు నాయి!"

అంగడి సగం ఇటు తిరిగి చూసింది. మా ఆయన గొంతు అంత పెద్దదని ఇరవై ఏళ్ళలో నాకు తెలియదు. కొంగు తీసేసి, అందరికీ కనబడేలా నిలబడ్డాను. ఆ గొంతు నా మొగుడిది.

జూలై 26

"ఎందుకు చెప్పలే?" అని మళ్ళీ అడిగాను.

"మొదటి రోజే చెప్పవోయిన గదనే. నువ్విన్నవా?"

వినలేదు. జూన్ మూడో తారీఖు పేజీ తిప్పి చూశాను. నేనే రాసి ఉంది.

చాయ్‌లో మిగిల్చింది ఎంతో డైరీలో ఉంది. బక్రీదుకు, బోనాలకు పోగొట్టింది ఎంతో రాయను, రాయలేను. పాలు మళ్ళీ అర లీటరు చేశాను. షాంపూ విషయంలో మాత్రం నాదే ఒప్పు.

ఆగస్టు 1

అంగడి. ఐదు బేరాలు. మూడు వేలు తెచ్చాడు, చాయ్‌లకు మూడు వందల నలభై. నలభై ఎందుకయిందని అడగలేదు. నోటి దాకా వచ్చింది, మింగేశాను.

బస్తాలు మోయొద్దన్నాను. "పదో తారీఖు దాక మోస్త," అన్నాడు. మొదటిసారి నా మాట వినలేదు.

ఆగస్టు 5

డబ్బా బోర్లించి లెక్కపెట్టాం. తొమ్మిది వేలు తక్కువ. ఇక కోయడానికి ఇంట్లో ఏమీ లేదు.

"అమ్మనడుగుదామే. ఒక్క గొర్రె," అన్నాడు.

"నా మాట పోతది."

ఆయన చెప్పులేసుకుని బయటికి పోయాడు. నాకు పొద్దంతా అన్నం సహించలేదు. నిహారికకు ఫోన్ చేయాలంటే భయంగా ఉంది.

ఆగస్టు 8

అంగడి. చాయ్ గ్లాసులు కడగడానికి గుర్వమ్మకు మనిషి రాలేదంటే సాయం వెళ్ళాను. పదింటికి ట్రాలీ ఆటో ఆగింది. అత్త దిగింది, వెనక ఒక గొర్రె. మా ఆయన కబురు పెట్టాడన్నమాట. నాకు కోపంతో ఏడుపు వచ్చింది.

"అత్తా, ఒక్కటి గూడ అమ్మ అన్న గద నేను!"

"అన్నవు తియ్యి. నీ మాట నిలవెట్టుకునేతందుకు నా మనుమరాలి సదువు ఆగాల్నా?" అంది. నా చెయ్యి పట్టుకుంది. "నాలుగు వోయేటియి, ఒక్కటే వోతాంది. మిగిలిన మూడు నీ గొర్లే బిడ్డా. నువ్వు మిగిల్చినవి."

అత్త నన్ను బిడ్డా అనడం చాలాసార్లు విన్నాను. ఈ రోజు విన్నట్టు ఎప్పుడూ వినలేదు.

సొంత గొర్రెకు తాను బేరగాడిగా ఉండకూడదు. మా ఆయన వెళ్ళి లింగస్వామిని పిలిచాడు. లింగస్వామి నా ముఖం చూడలేక, "మీవోని గిరాకీలు నా తానకొస్తె నేనేం జేద్దును సెల్లె," అన్నాడు. "నీ తప్పేం లేదన్నా," అన్నాను. నిజంగానే అతని తప్పు ఏమీ లేదు.

కొనేవాడు పడుచు గొల్లాయన. లింగస్వామి ముందు అతని వేళ్ళు పట్టుకుని ధర తెలుసుకుని, వచ్చి అత్త ముందు తువ్వాల పరిచాడు. అత్త చెయ్యి లోపల పెట్టింది. తువ్వాల కింద ఏం జరిగిందో తెలియదు కానీ లింగస్వామి రెండుసార్లు "జర ఇడువవ్వా" అన్నాడు. ఆమె ధర విడవలేదు. ముఖంలో ఏమీ కనబడనీయకుండా ఎటో చూస్తోంది. నాలుగోసారి అతను తిరిగి వచ్చేసరికి పదకొండున్నర వేలకు తెగింది. చూడి గొర్రెలకు ఈ రోజు అంగడిలో అంత ధర ఇంకెవరికీ రాలేదని గుర్వమ్మ అంది.

లింగస్వామి చాయ్ అరిచాడు. కొన్నాయనతో పాటు మేం ముగ్గురం బల్ల మీద కూర్చుని తాగాం. గ్లాసు ఖాళీ అయ్యాక అత్త గొర్రె మెడలోని తాడు విప్పి తన నడుముకు చుట్టుకుంది. తాడు అమ్మరు. దాని చెవి వెనక ఒకసారి నిమిరి అవతలికి తిరిగింది. సాయంత్రం మా ఇంట్లో రెండు జొన్నరొట్టెలు తిన్నది.

మాట తప్పాను. రాసి పెడుతున్నాను, మాట తప్పాను. ఎనిమిదికి ఏడు ఉన్నాయి.

ఆగస్టు 9

పొద్దున బస్సుకే నేనూ మా ఆయనా నల్లగొండ వెళ్ళాం. నిహారిక కాలేజీ గేటు దగ్గరే నిలబడి ఉంది. వాళ్ళ బాపు భుజాలు తడిమి చూసింది. ముప్పై రెండు వేలు కౌంటర్లో పెట్టాం. రశీదు ఇచ్చారు.

రెండో ఏటికి మళ్ళీ ఒక ఫారం నింపాలట. గుమస్తా పోయిన సంవత్సరం కాగితం చూసుకుంటూ, "తండ్రి వృత్తి, వ్యవసాయం. అదే రాస్తున్నానమ్మా," అన్నాడు.

మాకు గుంట భూమి లేదు. పోయిన సంవత్సరం వ్యవసాయం అని రాయించింది నేనే. బేరగాడు అని చెప్పుకోవడానికి నామోషీ అయింది. పక్కన నిహారిక నేల చూస్తోంది, ఆమెకూ తెలుసు.

"ఆ కాగితం నాకియ్యి సారు, నేను రాస్త," అన్నాను.

తీసుకుని, తండ్రి వృత్తి అన్న చోట రాశాను: గొర్ల బేరగాడు, తిరుమలగిరి అంగడి.

మా ఆయన నా భుజం మీద నుంచి వంగి చూశాడు. "గంత పెద్దగ రాసినవేందే? గడి దాటింది," అన్నాడు.

"దాటనియ్," అన్నాను.